మరో దక్షిణాది ఫలహారం

అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళు నయాగరా జలపాతం గురించి రాస్తారు. స్వాతంత్ర్య దేవత విగ్రహం ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి పక్కన వేయిస్తారు. నేను రెండుసార్లు వెళ్ళి వచ్చాను గానీ ఈ రెండూ చూడలేదు. నేను చూసినది ఆలబామా రాష్ట్రంలో వేరుశనగ చేల మధ్య వున్న ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో పొద్దున్నే ఐదింటికి తలుపులు తెరిచే ఒక ఫలహారాల హోటలు. చూసినది అదే కనుక రాయబోయేదీ దాన్ని గురించే. ఈ మాత్రానికి అంత దూరం వెళ్ళాలా అని మా కాలేజీలో ఒకరిద్దరు అడిగారు. తిండి సంగతిని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళతో నాకు మొదటినుంచీ పడదు.

ఆ ఊరి పేరు చెప్పను. హోటలు పేరు అసలే చెప్పను. ఇందులో నాలుగు మంచి మాటలతోపాటు నాలుగు నిష్ఠూరాలు కూడా వున్నాయి. అక్కడివాళ్ళకు తెలుగు రాదు నిజమే కాని మా బావగారికి వచ్చు. రోజూ పొద్దున వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చోవలసినవారు ఆయనే కదా.

దక్షిణాది ఫలహారం అనగానే మనకు తట్టేవి ఇడ్లీ, దోసె. కాశీ వెళ్ళిన తెలుగువాడు ఈ మాట బోర్డు మీద కనబడితే చాలు, లోపలికి దూరతాడు. అమెరికాలోనూ సరిగ్గా ఇలాంటి దక్షిణాది ఒకటుంది. జార్జియా, ఆలబామా, మిసిసిపీ, కరొలైనాలు, టెనెసీ. వాళ్ళ యాస వేరు, మర్యాదలు వేరు, అన్నిటికంటె ముందు పొద్దుటి ఫలహారం వేరు. ఉత్తరాది అమెరికన్లు దాన్ని చూసి మొహం చిట్లిస్తారు. మన ఉప్మాను చూసి చిట్లించేవాళ్ళు లేరూ? అలాగన్నమాట. వీళ్ళేమీ తగ్గరు. జార్జియా శాసనసభ 2002లో మొక్కజొన్న రవ్వ జావను రాష్ట్ర వంటకంగా ప్రకటించి ఊరుకుంది. మన శాసనసభల్లో పులిహోరకు ఆ గౌరవం ఎప్పుడు దక్కుతుందో!

ముందు మా బావగారు అక్కడికి ఎలా చేరారో చెప్పాలి. ఆయన అనంతపురం జిల్లావారు, డాక్టరు. పై చదువుకు వెళ్ళిన విదేశీ డాక్టర్లు చదువు కాగానే రెండేళ్ళపాటు స్వదేశం వెళ్ళి రావాలని అక్కడ ఒక నిబంధన వుంది. డాక్టర్లు దొరకని పల్లెపట్టున మూడేళ్ళు పనిచేస్తామంటే దాన్ని సడలిస్తారు. మన తెలుగు డాక్టర్లు చాలామంది అమెరికా పల్లెల్లో తేలడానికి ఇదొక కారణం. బావగారు 1998లో మూడేళ్ళకని వెళ్ళి, ఇరవై ఏడేళ్ళుగా అక్కడే వుండిపోయారు. వెళ్ళిన మొదటి శరత్కాలంలో రోడ్డు పక్కన పీకి బోర్లించిన శనగచెట్ల వరసలు చూసి కారు ఆపి దిగి, ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని, అక్కతో “మన ఊరేనే ఇది!” అన్నారట. దారి పక్కన బండ్లమీద ఉడకబెట్టిన శనక్కాయలు కూడా అమ్ముతారు. ఉప్పు మాత్రం మనవాళ్ళకంటె రెండింతలు వేస్తారు.

శనక్కాయ అక్కడికి రావడమూ ఒక కథే. అంతకుముందు ఆ నేలంతా పత్తి. పత్తికాయను తొలిచే ముక్కు పురుగొకటి మెక్సికో వైపునుంచి పాకి వచ్చి, 1915 ప్రాంతాలకు రైతును నేలమట్టం చేసింది. చేసేది లేక శనగ వేశారు. శనగ వాళ్ళను నిలబెట్టింది. దాంతో ఎంటర్‌ప్రైజ్ అనే ఊరివాళ్ళు 1919లో నడివీథిలో విగ్రహం పెట్టించారు. ఎవరికనుకున్నారు? ఆ పురుగుకి! ఇప్పుడు చూస్తే తెల్లని స్త్రీమూర్తి ఒకటి రెండు చేతులూ పైకెత్తి పురుగును పట్టుకుని నిలబడి వుంటుంది. ఆ ఊరున్న జిల్లా పేరు కాఫీ కౌంటీ. జాన్ కాఫీ అనే సేనానాయకుడి పేరట అది. పేరు చూసి ఆశపడకండి. అక్కడి కాఫీ పల్చటి కషాయం. మన స్టీలు గ్లాసు కాఫీకి ఆమడ దూరంలో వుంటుంది. నేను చెప్పే ఊరు ఆ కౌంటీకి చేరువలోనే, మాంట్‌గోమరీ నగరానికి దక్షిణంగా గంటన్నర ప్రయాణంలో వుంది.

మొదటిసారి వెళ్ళినది 2012 వేసవి సెలవుల్లో. చేరిన మర్నాడే తెల్లవారుజామున బావగారు నా గది తలుపు తట్టి, “లేవవోయ్, నిన్నొక చోటికి తీసుకుపోతాను” అన్నారు. టైము నాలుగున్నర. గుడికేమో అనుకున్నాను.

ఇటుక గోడల ఇల్లు, ముందు నాలుగైదు పాత లారీబళ్ళు. లోపల పొడుగాటి బల్ల, దాని ముందు ఎనిమిది గుండ్రటి ఎత్తుపీటలు. గోడకు మేకులు, మేకులకు పింగాణీ కప్పులు. ఒక్కొక్క కప్పూ ఒక్కొక్కరిది. మా బావగారిది పైనుంచి రెండో వరసలో వుంది. కిటికీ పక్కన పదిమంది పట్టే బల్ల ఒకటి వుంది. దానిమీద ‘రిజర్వు’ అని రాసి వుండదు గాని కొత్తవాళ్ళు కూర్చోరు. రైతులు, ట్రాక్టర్లు బాగుచేసేవాడు, చర్చి పాస్టరుగారు, రిటైరైన బడిపంతులు, మా డాక్టరుగారు, ఇదీ ఆ సభ. వర్షం గురించి మొదలయి శనగ ధర మీదుగా ఎవరి మోకాలి నొప్పికో చేరుతుంది. ఆసుపత్రిలో వంద డాలర్లు పుచ్చుకునే సలహా మా బావగారు అక్కడ ఊరికే ఇచ్చేస్తారని అక్క ఫిర్యాదు.

హోటలు భార్యాభర్తలది. 1979లో పాత యజమానుల దగ్గర కొన్నారు. ఆయన గల్లాపెట్టె దగ్గర, ఆవిడ వంటింట్లో. వడ్డించే ఆవిడ ఒకతె వుండేది, యాభై ఏళ్ళ మనిషి. నేను మాంసం తిననని బావగారు చెప్పగానే ఆవిడ నొచ్చుకోలేదు, నవ్వనూ లేదు. కార్డు తీసి వేలు పెట్టి ఒక్కొక్కటే దిగుతూ వచ్చింది. చిక్కుళ్ళు వద్దు, అందులో పందిమాంసం దుంప వేసి ఉడికించాం. బంగాళాదుంపలు బేకన్ పెనంమీదే వేగాయి. ఆకుకూరా అంతే. బిస్కట్టు అసలే వద్దు, పిండిలోనే పందికొవ్వు. చివరికి ఒక్కచోట వేలు ఆగింది. “గ్రిట్స్ తిను నాయనా. నీళ్ళు, ఉప్పు, వెన్న. అంతే. మీ అమ్మకు చెప్పుకోవచ్చు.”

శాకాహారం అని బోర్డు కట్టి లోపల ఏం కలుపుతారో చెప్పని చోట్లు నేను మన దేశంలోనే చూశాను. ఈ ఊళ్ళో, నా ఆచారం ఎప్పుడూ ఎరగని మనిషి దాన్ని నాకంటె జాగ్రత్తగా కాపాడింది.

గ్రిట్స్ అంటే తెల్ల మొక్కజొన్నల రవ్వ. ఆ నేలలో మస్కోగీ తెగ ఆదివాసులు తిన్నది, తెల్లవాళ్ళు వాళ్ళ దగ్గర నేర్చుకున్నది. మన తెలంగాణా జిల్లాల్లో మక్క గటక అంటారే, దానికి అక్కాచెల్లెలి వరస. తెలుగు మాస్టర్ని గనక ఇంకొక సంగతి కూడా గమనించాను. ఆ మాట ఎప్పుడూ బహువచనమే. ‘నీళ్ళు’, ‘పాలు’ మనకెలాగో వాళ్ళకు ‘గ్రిట్స్’ అలాగ. అయినా క్రియ ఏకవచనమా బహువచనమా అని కిటికీ బల్ల దగ్గర ఒకరోజు వాదన జరిగింది. బడిపంతులుగారు ఒకవైపు, మిగిలినవాళ్ళంతా ఒకవైపు. ఆయనే గెలిచారు, ఏ పక్షాన గెలిచారో ఇప్పుడు గుర్తులేదు.

ఆ మొదటి ముద్ద మాత్రం గుర్తుంది. తిరగలి రాళ్ళమధ్య నలిగిన రవ్వ కనుక పంటికింద కొంచెం తగులుతుంది. ఆ తగలడంలోనే వుంది రుచి. పచ్చి మొక్కజొన్న పొత్తు కాల్చినప్పటి వాసన లీలగా వస్తుంది. మధ్యలో వేసిన వెన్న కరిగి పసుపుపచ్చని చెరువు కడుతుంది. మూడోరోజున అక్క సంచీలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, ఊరగాయ ఎర్రనూనె రెండు చుక్కలు పక్కన వేసింది. ఆ తరవాత ఇక చెప్పకండి. వడ్డించే ఆవిడ చిటికెనవేలితో రుచి చూసి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, “డాక్టర్, ఇందుకా నువ్వు మీ దేశం వదిలి పారిపోయి వచ్చావు?” అన్నది. మర్నాడు మళ్ళీ అడిగి వేయించుకుంది.

వంటింటికీ భోజనాల గదికీ మధ్య పళ్ళేలు అందించే కిటికీ వుంది. వారంరోజులు అక్కడే కూర్చుని ఆవిడ పని చూశాను. మూడింటికి వస్తుంది. రవ్వను నీళ్ళలో పోసి పైకి తేలిన పొట్టు తీసేస్తుంది. రవ్వకు నాలుగింతలు నీళ్ళు, దళసరి కుండ, చిన్న మంట, గంటసేపు గరిటె. గరిటె మరిచిపోతే అడుగంటుతుంది, తొందరపడితే ఉండ కడుతుంది. మధ్యలో బిస్కట్టు పిండి. బిస్కట్టు అంటే మన టీలో ముంచుకునేది కాదు సుమా. ఆ మాటకు మూలార్థం రెండుసార్లు కాల్చినదని. వీళ్ళది ఒక్కసారే కాలుతుంది, మెత్తగా పొరలు పొరలుగా అరచేతి వెడల్పున పొంగుతుంది. పిండి, కొవ్వు, చిక్కటి మజ్జిగ. చపాతీపిండిలా మర్దించకూడదు, మడతపెట్టి తట్టాలి. అందుకు తగినది జిగురు తక్కువగా వుండే చలికాలపు మెత్తని గోధుమ. అక్కడి ఇల్లాళ్ళకు పిండి అంటే టెనెసీలోని నాక్స్‌విల్‌లో 1883 నుంచి ఆడుతున్న వైట్ లిలీ పిండి. ఆ మరను 2008లో మూసి, తయారీ మధ్య పశ్చిమ రాష్ట్రాలకు తరలించారు. నాలుగేళ్ళయినా ఆవిడ దాన్ని తలుచుకుని, ఇంట్లోవాళ్ళు పోయినట్లే మాట్లాడింది.

ఆ బిస్కట్టు నేను తినలేదు. పందికొవ్వు వున్నదని చెప్పాను కదా. మా బావగారు అమెరికా వెళ్ళిన రెండో ఏటనే శాకాహారం విడిచారు, ఇంట్లో కాదు, గడప దాటాక. ఆయన పొగుడుతుంటే విన్నాను: చెయ్యి వేయగానే పొర విడిపోతుందట, లోపలినుంచి ఆవిరి వస్తుందట, చెరుకుపాకం పోస్తే ఎక్కడికక్కడ ఇంకిపోతుందట. ఎదురుగా కూర్చుని పదిహేను రోజులు వాసన మాత్రం పీల్చాను.

ఆ కిటికీ బల్ల గురించి ఇంకొక మాట చెప్పాలి. రిటైరైన పంతులుగారు నల్లజాతివారు. నేనూ పంతులునే అని తెలిశాక నా పక్కకు జరిగి కూర్చునేవారు. ఒకరోజు హోటలు వెనక తలుపు పక్కన, ఇటుకలతో పూడ్చేసిన ఒక చిన్న చదరాన్ని చూపించారు. ఒకప్పుడది కిటికీ. ఆయన పిల్లవాడుగా వున్నప్పుడు, అంటే 1950ల్లో, తండ్రితో అక్కడే నిలబడేవారు. అదే పొయ్యిమీద కాలిన బిస్కట్టు ముందు కూర్చున్నవాళ్ళకు పళ్ళెంలో, వీళ్ళకు కిటికీలోంచి కాగితంలో. తిండి ఒకటే, ధర ఒకటే. కుర్చీ మాత్రం లేదు.

గంటన్నర దూరంలోని మాంట్‌గోమరీలోనే 1955 డిసెంబరులో రోజా పార్క్స్ బస్సులో లేవనన్నది. నల్లవాళ్ళు 381 రోజులు బస్సెక్కకుండా నడిచారు. హోటళ్ళ వంతు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది. ఇదే ఆలబామాలో, బర్మింగ్‌హామ్‌లోని ఒక మాంసం హోటలు యజమాని ఆ చట్టం తనకు వర్తించదని కోర్టుకెక్కాడు. తన దగ్గరికి బయటి రాష్ట్రాలవాళ్ళు రారు కనుక కేంద్రానికి తనమీద అధికారం లేదని వాదన. ఆయన కొనే సరుకులో సగం దాకా బయటి రాష్ట్రాలనుంచి వచ్చిన మాంసమేనని చూపి, ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వాదనను కొట్టేసింది. పంతులుగారు ముందు తలుపునుంచి మొదటిసారి లోపలికి వచ్చినది 1965 వేసవిలో. ఇరవై ఏళ్ళవాడు. వాళ్ళ నాన్నగారు మాత్రం రాలేదట. వెనక కిటికీ మూసేశాక ఆయన ఆ వీథికే వెళ్ళలేదు.

ఈ సంగతి తెలిసిన తరవాత, ఆయన ఆ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చోవడం నాకు ఇంకొకలా కనిపించింది.

మళ్ళీ వెళ్ళినది 2025 మే నెలలో. పదమూడేళ్ళు. ఈ మధ్యలో ఊరికి బైపాసు రోడ్డు వచ్చింది. దానిమీద దేశమంతా కొమ్మలున్న పెద్ద హోటళ్ళు నాలుగు వెలిశాయి. కారు దిగకుండా కిటికీలోంచి పొట్లం అందుకుని పోవచ్చు. బావగారు అంతకు ముందేడు రిటైరయ్యారు. కొడుకు డాలస్‌లో, కూతురు అట్లాంటాలో. ఇద్దరూ వచ్చెయ్యమంటున్నారు. అక్కకు వెళ్ళాలనే వుంది. బావగారు ఏదో ఒకటి చెప్పి నెల తరవాత నెల జరుపుతున్నారు.

“హోటలు పాడైపోయిందిరా” అన్నది అక్క, నేను సంచీ దింపకముందే. ఆ గొంతులో విచారం వుంది గాని పూర్తిగా విచారం కాదు.

బోర్డు అదే, ఇటుకలు అవే, మేకులకు కప్పులూ వున్నాయి. కొన్ని మేకులు ఖాళీ. యజమానిగారు పోయి మూడేళ్ళయిందట. ఆవిడకు చేతివేళ్ళు కీళ్ళవాతంతో వంకరపోయి, గరిటె పట్టలేక ఇంట్లోనే వుంటున్నది. కూతురు నడుపుతున్నది. వడ్డించే ఆవిడ మాత్రం ఆవిడే, జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టింది. పేరు పెట్టి కాదు, “ఊరగాయ” అని పిలిచింది.

గ్రిట్స్ వచ్చాయి. నేను మూడుసార్లు చెంచా ముంచాను. మొదటిసారి నమ్మలేక, రెండోసారి మర్యాదకు, మూడోసారి వెన్న కోసం. ఆ వెన్న వెన్న కాదు, చిన్న ప్లాస్టికు గిన్నెలో వచ్చే నూనెముద్ద. రవ్వను ముందే కార్ఖానాలో ఉడికించి, ఎండబెట్టి, పొడిగా అమ్ముతారు. వేడినీళ్ళు పోస్తే నిమిషంలో తయారు. తెల్లగా నున్నగా వుంటుంది, గోడకు కాగితం అంటించడానికి పనికొస్తుంది. గంటసేపటి గరిటె పనిని ఒక్క నిమిషంలోకి కుదిస్తే పోయేదేమిటో అప్పుడు తెలిసింది. పంటికింద తగిలేది పోతుంది, కాల్చిన పొత్తు వాసన పోతుంది.

ఇంతలో వడ్డించే ఆవిడ వంగి, ఒక శుభవార్త చెబుతున్నట్టు మెల్లిగా అన్నది. “ఇప్పుడు బిస్కట్టులో పందికొవ్వు లేదు. పెట్టెల్లో గడ్డకట్టించి వస్తాయి, అట్టమీద చదివాను, అంతా కూరనూనే. నువ్వు తినచ్చు.”

ఆవిడ పదమూడేళ్ళు ఆ సంగతి గుర్తుపెట్టుకున్నది! వద్దని ఎలా అనను? పదమూడేళ్ళ క్రితం వాసనతో సరిపెట్టుకున్న వస్తువు చివరికి నా పళ్ళెంలోకి వచ్చింది. విరిస్తే పొర విడలేదు, నలిగి పొడి అయింది. అంగిట్లో అతుక్కుంది. ఉప్పు తప్ప మరో రుచి లేదు. నేను తినగలిగినప్పుడు అది తినదగినది కాకుండా పోయింది. బావగారు నా మొహంకేసి చూసి, తన పళ్ళెంలోకి చూసుకుని, “రోజూ ఇదే” అన్నారు. అని, తిన్నారు.

కూతుర్ని తిట్టుకోవడం సులభం. ఊళ్ళో కొందరు ఆ పనే చేస్తున్నారు. నేను మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆమెతో అరగంట మాట్లాడాను. ఆ ఏడు కోళ్ళ జబ్బువల్ల మార్చిలో డజను గుడ్ల సగటు ధర దేశం మొత్తంమీద 6 డాలర్ల 23 సెంట్లకు ఎక్కింది. అంతకుముందెన్నడూ అంత లేదు. పొద్దుటి హోటలుకు గుడ్లే పెట్టుబడి. అదైనా దిగుతున్నది. మనిషి దొరకడమే దిగిరాని సంగతి. వడ్డించేవాళ్ళకు చట్టప్రకారం ఇవ్వవలసిన కనీసపు కూలి అక్కడ గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి ఒక్క సెంటు పెరగలేదు. మిగతాది తినేవాళ్ళు ఇచ్చే ఇనాములతో 7 డాలర్ల పాతిక సెంట్లు దాకా పూడాలి, పూడకపోతే యజమాని పూడ్చాలి. వంటవాళ్ళకు అంతకు రెండింతలు ఇస్తానన్నా తెల్లవారుజాము మూడింటికి రావడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఆమెకు ఇద్దరు పిల్లలు. వాళ్ళను బడికి పంపేది ఆమే. మూడింటికి పిండి తట్టడం మొదలుపెడితే వాళ్ళను లేపేదెవరు? తల్లి ఇరవై నాలుగు గంటలూ తనకు జీతం వేసుకోకుండా చేసింది. ఆ జీతం లెక్కలో పెడితే ఆ బిస్కట్టు ధర ఎప్పుడూ గిట్టుబాటు ధర కాదు.

ఇంకొక తమాషా వినండి. బైపాసు మీది పెద్ద హోటల్లో ఒకదాంట్లో రోజూ తెల్లవారుజామున మనిషి నిలబడి పిండి కలిపి, అప్పటికప్పుడు బిస్కట్లు కాలుస్తున్నాడు. కంపెనీ నియమమట. అంటే వందల కొమ్మలున్న సంస్థ చేతితో చేస్తున్నది, చేతిపనికి పేరుపడ్డ ఇంటి హోటలు పెట్టె విప్పుతున్నది. “రుచి దానిదే బాగుంటుంది” అని బావగారు ఒప్పుకున్నారు. మరి అక్కడికే వెళ్ళరాదా అన్నాను. “అక్కడ ఒక్క బిస్కట్టు పెట్టుకుని రెండు గంటలు కూర్చోనిస్తారటోయ్?”

అయితే కూతురి దోషం బొత్తిగా లేదనను. కార్డు చూశాను. తల్లి కాలంలో ఒక పుట. ఇప్పుడు నాలుగు పుటలు, రంగుల బొమ్మలు. మెక్సికో రొట్టె వుంది, ఇటలీ పిండివంట వుంది, పిల్లలకు వేరే పుట వుంది. జనం తగ్గినకొద్దీ వంటకాలు పెరగడం ఒక రోగలక్షణం. మన ఊళ్ళలో పెసరట్టుకు పేరుమోసిన హోటలు తలుపుమీద ‘చైనీస్ లభించును’ అని పడిన రోజున నాకు ఇదే గుబులు పుడుతుంది. నాలుగు పుటలు చింపేసి, గ్రిట్స్ కుండ ఒక్కటి నిజంగా ఉడికించి, డాలరు ఎక్కువ పుచ్చుకోరాదా అని ఆమెతో అన్నాను. పరాయి దేశంవాడు, అందులోనూ పంతులు, వ్యాపారం గురించి సలహా చెప్పడం ఎలా వుంటుందో ఆమె మర్యాదగా చూసిన చూపులో తెలిసింది. కాని “గంటసేపు గరిటె ఎవరు తిప్పుతారు?” అని మాత్రం అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కిటికీ బల్ల దగ్గర ఆరుగురే మిగిలారు. పాస్టరుగారికి బదిలీ అయింది. రైతుల్లో ఇద్దరు పోయారు, ఒకాయన పొలం అమ్మేసి ఫ్లోరిడా వెళ్ళాడు. పంతులుగారికి ఎనభై నిండాయి. కర్ర వచ్చింది గాని కుర్చీ ఆయనే లాక్కుంటారు. ఆయనకు ఎనిమిది మైళ్ళ దూరంలో కూతురి ఇల్లు, ఆవిడ బ్రహ్మాండంగా వండుతుందట. ఈ తిండికోసం ఎందుకండీ రోజూ రావడం అన్నాను. ఆయన కాఫీలో చక్కెర కలుపుకుంటూ, ఇక్కడ కూర్చోవడానికి తనకు ఇరవై ఏళ్ళు పట్టిందనీ, ఒక బిస్కట్టు బాగాలేదని లేచిపోవడం జరగదనీ అన్నారు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు గాని అది హాస్యానికన్న మాట కాదు.

ఆ రాత్రి అక్క వంటింట్లో అసలు సంగతి చెప్పింది. “ఆ హోటలు మూసేస్తారని రెండేళ్ళుగా అనుకుంటున్నారు. మూస్తే ఈయన బయలుదేరతారు. అది వుండగా కదలరు. నేను ఆ పిల్ల చెడిపోవాలని కోరుకోనురా, కానీ...” అని ఆగి, పప్పులో పోపు వేసింది. పక్కగదిలో బావగారు వినీ విననట్టు టీవీ గొంతు పెంచారు. ఇరవై ఏడేళ్ళు ఊరికంతటికీ జ్వరాలు చూసిన మనిషి. డాలస్‌లో కొడుకు ఇంట్లో పొద్దున ఐదింటికి ఎక్కడికి వెళతారు? అక్కడ ఆయన కప్పుకు మేకెవరు కొడతారు? అలాగని పిల్లలకు దూరంగా, మాట కలిపే ఆడతోడు లేక అక్క ఎంతకాలం వుండాలి? ఇద్దరి మాటా న్యాయంగానే వుంది. మధ్యలో నేను పప్పన్నం తిని ఊరుకున్నాను.

నేను బయలుదేరడానికి రెండు రోజుల ముందు బావగారు నన్ను వెంటబెట్టుకుని, రాతి తిరగలితో ఇంకా మొక్కజొన్న ఆడుతున్న ఒక మరకు కారులో గంట దూరం వెళ్ళారు. పాతిక పౌన్ల రవ్వ బస్తా ఒకటి కొన్నారు. ఎందుకని నేను అడగలేదు. తిన్నగా తెచ్చి హోటలు వెనక తలుపు దగ్గర దింపి, కూతురితో చెప్పారు: వారానికి ఒక్కరోజు, శనివారం, బడి లేదు కదా, పిల్లలు పడుకుని వుంటారు. గరిటె తాను తిప్పుతారు. వండడం మీ అమ్మను వచ్చి చెప్పమను, ఆవిడ చేతులు పనిచేయకపోయినా నోరు పనిచేస్తుంది కదా. కూతురు పెద్దగా నవ్వింది. సరేనని అనలేదు, కాదనీ అనలేదు. బస్తా లోపలికి మాత్రం తీసుకుంది.

నా విమానం శుక్రవారం.

జూలైలో అక్క ఫోను చేసింది. శనివారాలు మొదలయ్యాయట. పెద్దావిడను చక్రాల కుర్చీలో తెచ్చి పొయ్యి పక్కన కూర్చోబెడుతున్నారు. డాక్టరుగారు ఏప్రను కట్టుకుని గరిటె తిప్పుతున్నారు. ఇంట్లో కాఫీ గ్లాసు కడగని మనిషి అని అక్క ఒకటికి రెండుసార్లు చెప్పింది. కిటికీ బల్ల దగ్గరికి కొత్తవాళ్ళు ఇద్దరు వచ్చారట, వాళ్ళను కూర్చోనిచ్చారట. డాలస్ ప్రయాణం సంగతి ఏమయిందని అడిగాను.

“ఏమవుతుంది? ఇంకా ఉండలు కడుతున్నాయట. ఆ ఉండలు పోయేదాకా ఇల్లు కదిలేది లేదంటున్నారు మీ బావ.”